కాన్పుల వరుస

మా నాన్న పేరు 'పెంట'తో మొదలవుతుంది. పూర్తి పేరు ఇక్కడ రాస్తే ఆయనకి నచ్చదు. ఉద్యోగంలో చేరినప్పుడే దాన్ని ఒక్క పొడి అక్షరంలోకి కుదించేసుకున్నాడు. ముద్దనూరు చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటి పేర్లున్న పెద్దవాళ్ళు ఇంకా కనిపిస్తారు. పెంటయ్య, పుల్లయ్య, బిచ్చన్న, కుప్పమ్మ. ఆ పేరు పెట్టారంటే ఆ మనిషికి ముందు పుట్టినవాళ్ళు బతకలేదని అర్థం. పుట్టిన బిడ్డని కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసుకున్నదాన్ని ఏరుకున్నట్టు మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటారు. లేదంటే విస్తళ్ళలో పొర్లిస్తారు. ఇంకొన్ని చోట్ల పక్కింటావిడకి ఇచ్చేసి చేటెడు తవుడుకు తిరిగి కొనుక్కుంటారు. ముందు పిల్లల్ని ఎవరు పట్టుకుపోయారో వాళ్ళకి, ఇది పనికిమాలిన సరుకు, దీని జోలికి రావద్దు అని చెప్పడం అన్నమాట.

మాకు పుట్టినరోజుల రిజిస్టర్లు సరిగ్గా లేవు, చనిపోయిన పసిపిల్లల రిజిస్టర్లు అసలే లేవు. ఒక తరం ఓటర్ల జాబితాలో ఈ పేర్లు లెక్కపెడితే పోయిన పిల్లల లెక్క కొంతవరకు తేలుతుందని నాకు చాలాసార్లు అనిపించింది. ఈ వ్యాసం అంత పెద్ద పని కాదు. ఒక్క ఇంట్లో కాన్పుల వరుస గురించి, ఆ వరుసని చదవడం ప్రపంచం ఎలా నేర్చుకుందన్న దాని గురించి.

మా జేజికి, అంటే నాన్నవాళ్ళమ్మకి, అయిదు కాన్పులు. తొలి సూలు మా మేనత్త, 1947లో. ఏ ఇబ్బందీ లేని కాన్పు, పెద్ద బిడ్డ. తరవాత రెండేళ్ళకి మగపిల్లాడు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడట, మర్నాటికి కళ్ళూ ఒళ్ళూ పసుపు రాసినట్టయిపోయాయి. పసిరికలన్నారు. వాత పెట్టారు. అయిదో రోజు పాలు తాగడం మాని, ఒళ్ళు విల్లులాగా వెనక్కి వంచేసి, పోయాడు. ఆ తరవాతి బిడ్డ ఒక్కరోజు కూడా ఉండలేదు. నాలుగోది కడుపులోనే పోయింది. పుట్టినప్పుడు ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బి ఉందని జేజి చెప్పేది. మొదటి ఇద్దరూ పోయినప్పుడు మాది మద్రాసు రాష్ట్రం, మూడో బిడ్డ పోయేసరికి ఆంధ్ర రాష్ట్రం. 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, నాన్న పుట్టాడు. ఏమీ కాలేదు. పెంటకుప్ప పనిచేసింది.

ఊరు చెప్పిన కారణాలు రెండు. ఒకటి, మేనరికం. మా జేజి తన మేనబావనే చేసుకుంది. ఇది కొంచెం చదువుకున్నవాళ్ళు చెప్పిన కారణం, అదీ చాలా ఏళ్ళ తరవాత. రెండోది అప్పటికప్పుడే చెప్పింది: పెద్దపిల్లది నష్టజాతకం, తన వెనక పుట్టినవాళ్ళని మింగేస్తోంది. మా అత్తకి ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు ఈ మాట ఆమె ముందే అనేవాళ్ళు. నాన్న కడుపులో ఉన్నప్పుడు ఆమెని కొన్నాళ్ళు పులివెందుల దగ్గర చుట్టాలింట్లో ఉంచారు, కొత్త బిడ్డ మీద నీడ పడకుండా.

నాకు ఈ కథ చిన్నప్పటినుంచీ తెలుసు. అది ఒక పాఠ్యపుస్తకంలోని కేసు అని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. నాన్న థర్మల్ ప్లాంటులో పనిచేసే రోజుల్లో ఒక రక్తదాన శిబిరంలో రక్తమిచ్చి కార్డు తెచ్చుకున్నాడు: బి నెగటివ్. దాని గురించి మాయింట్లో ఎవరూ ఆలోచించలేదు. 2009లో జేజికి తుంటి ఎముక విరిగినప్పుడు ఆపరేషనుకి ముందు రక్తం చూసి బి నెగటివ్ అన్నారు. నెగటివ్ అంటే 'లేదు' అని ఎవరో చెప్పారు. "నాకు రక్తం లేకపాయనా?" అని ఆమె భయపడింది. అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రక్తం కోసం ప్రొద్దుటూరంతా తిరిగాను. మన దేశంలో నెగటివ్ వాళ్ళు నూటికి సుమారుగా అయిదుగురు. అందులో బి వాళ్ళు ఇంకెందరుంటారు! ఆ తిరుగుడులోనే ఒక బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ మామూలుగా అడిగాడు, మీ జేజికి పిల్లలెంతమంది పోయారు అని. ఎందుకడిగావన్నాను. నెగటివ్ ఆడవాళ్ళకి పాతకాలంలో అలా అయ్యేదన్నాడు. అంతే, మళ్ళీ తన పనిలో పడ్డాడు.

ఈ జబ్బుని జబ్బుగా గుర్తించడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, కాన్పుల వరుస గుర్తుపెట్టుకుంటే చాలు. మామూలుగా తొలి కాన్పే కష్టం, తరవాతివి సులువు. ఇక్కడ తిరగబడుతుంది. మొదటిది బాగుంటుంది, రెండోది పసుపెక్కుతుంది, మూడోది నీరు పట్టి పోతుంది. ఆ వరుస మంత్రసానులకి తెలియకుండా ఉండే అవకాశం లేదు. నిజానికి దీని గురించి యూరప్‌లో మొదట రాసిందని చెప్పేది ఒక మంత్రసానే. ఫ్రాన్సు రాణికి పురుళ్ళు పోసిన లూయీజ్ బూర్జువా 1609లో అచ్చువేసిన పుస్తకంలో కవలల కాన్పు ఒకటి ఉంది. ఒక బిడ్డ ఒళ్ళంతా ఉబ్బి వెంటనే పోయింది, రెండోది పసుపెక్కి కొన్నాళ్ళకి పోయింది. ఒకే కడుపు, ఒకే కాన్పు, రెండు రకాల చావు. ఆ రెండూ ఒకటేనని చెప్పడానికి తరవాత మూడువందల ఏళ్ళు పట్టింది. 1932లో బోస్టన్‌లో లూయిస్ డైమండ్, కెన్నెత్ బ్లాక్‌ఫాన్, జేమ్స్ బేటీ అనే ముగ్గురు పిల్లల డాక్టర్లు ఉబ్బు, కామెర్లు, రక్తహీనత మూడూ ఒకే జబ్బుకి మూడు మెట్లని చూపించారు. మూడింటిలోనూ బిడ్డ శరీరం ఎర్రకణాలని ఆదరాబాదరాగా తయారుచేస్తూ పచ్చివాటినే రక్తంలోకి వదిలేస్తోంది. ఎక్కడో అవి నాశనమవుతున్నాయి కాబట్టి. ఎందుకు నాశనమవుతున్నాయో వాళ్ళకి తెలియలేదు.

అది చెప్పింది రూత్ డారో. షికాగోలో పెథాలజిస్టు. ఆమె తన బిడ్డనే ఈ జబ్బుకి పోగొట్టుకుంది. 1938లో రాసిన వ్యాసంలో ఆమె అప్పటివరకూ వాడుకలో ఉన్న సిద్ధాంతాలని ఒక్కొక్కటిగా పక్కనపెట్టి, ఏ వివరణకైనా ఒక పరీక్ష పెడుతుంది: మొదటి బిడ్డ ఎందుకు తప్పించుకుంటోంది, తరవాతివాళ్ళు ఎందుకు తప్పించుకోలేకపోతున్నారు? వంశపారంపర్యం అంటే మొదటి బిడ్డకీ రావాలి కదా. విషమేదో తల్లిలో ఉంటే మొదటినుంచీ ఉండాలి కదా. వరుసకి సరిపోయే వివరణ ఒక్కటే: తల్లి శరీరం మొదటి బిడ్డ దగ్గర ఏదో నేర్చుకుంటోంది, నేర్చుకున్నదాన్ని తరవాతి బిడ్డల మీద ప్రయోగిస్తోంది. ఆ నేర్చుకునేది ఎర్రకణం లోపలి హీమోగ్లోబిన్ గురించి అనుకుందామె. అది తప్పు. మిగిలిందంతా ఒప్పు. చేతిలో ఒక్క ప్రయోగం లేకుండా, కేవలం వరుసని చూసి ఇంతదూరం రావడం నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం. బగ్ ఎక్కడుందో తెలియకపోయినా ఏ క్రమంలో బయటపడుతోందో చూసి పట్టుకునేవాళ్ళని మా ఆఫీసులో చాలా గౌరవిస్తాం. అవార్డుల జాబితాల్లో మాత్రం డారో పేరు కనపడదు.

ఆ తరవాతి సంవత్సరం, 1939లో, న్యూయార్కు నుంచి ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ రెండు పేజీల కేసు రిపోర్టు వేశారు. బెల్‌వ్యూ ఆసుపత్రిలో పాతికేళ్ళ స్త్రీ, రెండో కాన్పు, చచ్చుబిడ్డ. రక్తం పోతోందని భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా ఆమె చావుదాకా వెళ్ళింది. లెవిన్ ఆమె సీరంని ఓ గ్రూపు వాళ్ళ రక్తంతో కలిపి చూశాడు. 104 మందిలో 80 మంది రక్తం గడ్డకట్టింది. అంటే ఏ, బి, ఓ లకి అవతల ఇంకేదో ఉంది. అది భర్తకి ఉంది, ఆమెకి లేదు, బిడ్డకి తండ్రినుంచి వచ్చింది. బిడ్డ ద్వారా అది ఏమిటో ఆమె ఒంటికి తెలిసిపోయింది. ఇంత చెప్పి, లెవిన్ ఆ పదార్థానికి పేరు పెట్టలేదు. 1940లో కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ రీసస్ కోతి రక్తాన్ని కుందేళ్ళకి ఎక్కించి తయారుచేసిన సీరం న్యూయార్కు జనంలో నూటికి 85 మంది రక్తాన్ని గడ్డకట్టిస్తోందని ప్రకటించి, దానికి 'ఆర్‌హెచ్' అని పేరు పెట్టేశారు. తరవాత లెవిన్, వీనర్ల మధ్య ఎవరిది ముందు అన్న గొడవ దశాబ్దాలు నడిచింది. అసలు తమాషా ఏమిటంటే, కోతి సీరం గుర్తుపట్టింది వేరే పదార్థాన్ని. మనిషిలో ముఖ్యమైన 'డి' అది కాదు. చివరికి ఆ రెండోదానికి లాండ్‌స్టైనర్, వీనర్ల పేర్ల పొడి అక్షరాలు తగిలించి మర్యాద చేశారు. పేరు మాత్రం కోతికే ఉండిపోయింది. అదీ ఉత్తరాది కోతి. మన సీమలో గుళ్ళ దగ్గర అరటిపళ్ళు లాక్కునే, నెత్తిమీద పాపిట తీసినట్టుండే కోతికి ఇందులో ఏ పాత్రా లేదు.

జరిగేది ఇది. కాన్పులో మాయ విడిపోయేటప్పుడు బిడ్డ రక్తం కొన్ని చుక్కలు తల్లి రక్తంలోకి వస్తాయి. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే ఆ కణాల మీద ఉన్న 'డి' తల్లి ఒంటికి పరాయిది. దానికి విరుగుడు తయారుచేయడానికి వారాలు పడుతుంది, అప్పటికి ఈ బిడ్డ క్షేమంగా బయట ఉంటుంది. కానీ ఒళ్ళు మర్చిపోదు. తరవాతి సూలులో మళ్ళీ పాజిటివ్ బిడ్డే అయితే ఈసారి విరుగుడు త్వరగా, ఎక్కువగా, మాయని దాటగలిగే చిన్న రకంలో తయారవుతుంది. అది బిడ్డ ఎర్రకణాలని పగలగొడుతుంది. పగిలిన కణాలనుంచి వచ్చే పసుపుపచ్చ పదార్థం బిలిరుబిన్. కడుపులో ఉన్నంతసేపు దాన్ని తల్లి కాలేయమే వదిలిస్తుంది. అందుకే బిడ్డ మామూలు రంగులో పుడుతుంది. బొడ్డు కోశాక ఆ పని బిడ్డ కాలేయం మీద పడుతుంది, దానికి ఇంకా చేతకాదు. మర్నాటికి పసుపు. మోతాదు మించితే మెదడుకెక్కుతుంది. పాలు మానేయడం, ఒళ్ళు విల్లులా వంచేయడం అప్పటి లక్షణాలు. ఇంకా తీవ్రమైతే రక్తం చాలక కడుపులోనే గుండె ఆగి, ఒళ్ళు నీరు పడుతుంది. మా జేజి చెప్పిన మూడు చావులూ ఏ క్రమంలో చెప్పిందో ఆ క్రమంలోనే ఇక్కడున్నాయి. ఆమె బడికి వెళ్ళలేదు. యాభై ఏళ్ళ తరవాత కూడా ఏ బిడ్డ ఏ రోజు ఏ రంగులో ఉందో పొల్లుపోకుండా చెప్పేది. అంతకన్నా మంచి కేసు షీటు ఉండదు.

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడడం నాకు కష్టంగా ఉంటుంది. ఆర్‌హెచ్చే ఈ జబ్బుకి కారణమని లెవిన్ 1941లో తేల్చాడు. తల్లి రక్తంలో విరుగుడు ఉందో లేదో చూసే కూంబ్స్ పరీక్ష 1945లో కేంబ్రిడ్జిలో వచ్చింది. 1946 తరవాత డైమండ్ బొడ్డు నరంలోంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి, బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెం తీస్తూ నెగటివ్ రక్తం ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. నెగటివ్ రక్తమే ఎందుకంటే తల్లి ఇచ్చిన విరుగుడు దాన్ని ముట్టుకోలేదు. మా జేజి రెండో బిడ్డ పుట్టింది 1949లో. అంటే బోస్టన్‌లో అయితే బతికే బిడ్డ. ముద్దనూరు మీదుగా మద్రాసు నుంచి బొంబాయికి రైలు పోతుంది, అప్పుడూ పోయేది. ఎగ్మోరులో 1844లో మొదలైన ప్రసూతి ఆసుపత్రి ఒక రాత్రి ప్రయాణం. పక్కనే జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళు కట్టిన కాంబెల్ ఆసుపత్రి అప్పటికే రెండు తరాల నుంచీ ఉంది. (వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా మొదట పనిచేసింది అక్కడే.) కానీ బాలింతని, పచ్చబడ్డ బిడ్డని ఎవరు కదిలిస్తారు? పురిటి మైల పోకముందే పిల్లాడు పోయాడు. దూరం కిలోమీటర్లలో ఉందనుకోవడం మనలాంటివాళ్ళ పొరపాటు. పసిరికలకి వాత తప్ప ఇంకో దారి ఉందని తెలియకపోవడమే దూరం.

వైద్యం ఒక ఎత్తు, అసలు రాకుండా ఆపడం ఇంకో ఎత్తు. దానికి దారి ఒక వింత గమనికలో దొరికింది. తల్లీబిడ్డల ఏ, బి, ఓ గ్రూపులు కూడా పొసగనప్పుడు ఈ ఆర్‌హెచ్ జబ్బు తక్కువగా వస్తోందని లెవిన్ 1943లోనే చూశాడు. తల్లి ఓ, బిడ్డ ఏ అనుకోండి. బిడ్డ కణాలు రాగానే తల్లి రక్తంలో పుట్టుకతో ఉండే ఏ-విరుగుడు వాటిని తుడిచేస్తుంది, 'డి'ని గుర్తుపట్టి నేర్చుకునే వ్యవధి దొరకదు. అయితే మనమే తుడిచేస్తే? లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే ఫిజీషియన్‌కి సీతాకోకచిలుకల జన్యువుల పిచ్చి. రక్తం గ్రూపుల్లోకి ఆ దారినే వచ్చాడు. ఒక రాత్రి ఆయన భార్య ఫియో నిద్రలేపి, వాళ్ళకి ఆ విరుగుడునే ఇవ్వండి అని చెప్పిందట. మేం రాకుండా చూద్దామనుకుంటున్నదే అది కదా అని విసుక్కుని పడుకున్నాడట. తెల్లారేసరికి అర్థమైంది. ఈ కథ చెప్పుకున్నది క్లార్కే. ఆయన శిష్యుడు రోనాల్డ్ ఫిన్ 1960లో ఆ ఆలోచనని బహిరంగంగా పెట్టాడు. న్యూయార్కులో విన్సెంట్ ఫ్రెడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ వేరే దారిలో అదే చోటికి వచ్చారు. విరుగుడుని బయటినుంచి ముందే ఇచ్చేస్తే ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకోవడం మొదలుపెట్టదు.

న్యూయార్కు వాళ్ళు దీన్ని మొదట పరీక్షించింది సింగ్‌సింగ్ జైల్లో, నెగటివ్ గ్రూపున్న మగ ఖైదీల మీద. వాళ్ళు ఒప్పుకునే చేశారని అంటారు. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలు ఎంత ఒప్పుకోలో ఎవరికి వాళ్ళు అనుకోవాలి. పాజిటివ్ రక్తం ఎక్కించిన వెంటనే మళ్ళీ లోపలికి వెళ్ళడానికి జైలు నియమాలు ఒప్పుకోలేదు, కొన్ని రోజులు ఆగి వెళ్ళి సూది ఇచ్చారు. మూడు రోజుల్లోపు ఇస్తే పనిచేస్తోందని తేలింది. ఈ రోజుకీ ప్రపంచంలో ప్రతి ప్రసూతి వార్డులోనూ చెప్పే '72 గంటల్లోపు' అన్న మాట అక్కడినుంచి వచ్చిందే. అదేదో ప్రకృతి గీసిన గీత కాదు, జైలు గేటు తెరిచే వేళ. అందుకే 72 గంటలు దాటినా ఆలస్యమైందని వదిలేయకుండా ఇమ్మంటారు.

1964 జనవరిలో గోర్మన్ ఈ మందుని విమానంలో ఇంగ్లండుకి పంపాడు, అప్పుడే కాన్పయిన తన తమ్ముడి భార్య కోసం. తల్లుల్లో మొదట తీసుకున్నది ఆమే. 1968లో అమెరికాలో లైసెన్సు వచ్చింది. 1980 లాస్కర్ అవార్డు క్లార్క్, ఫిన్, ఫ్రెడా, గోర్మన్, పొలాక్ అయిదుగురికీ ఇచ్చారు. అప్పటికి మా అత్తకి పెళ్ళై పిల్లలు బడికి పోతున్నారు.

ఆ మందు కర్మాగారంలో పుట్టదు. ఎవరి ఒంట్లోనైనా ఆ విరుగుడు తయారై ఉండాలి, వాళ్ళు ప్లాస్మా ఇవ్వాలి. మొదట్లో ఇచ్చిందంతా బిడ్డలని పోగొట్టుకున్న తల్లులే. ఏ పదార్థం తమ బిడ్డలని చంపిందో దాన్నే తీసి ఇస్తే ఇంకొకరి బిడ్డలు బతికారు. పేరు మాత్రం ఆస్ట్రేలియాకి చెందిన జేమ్స్ హారిసన్‌కి వచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు ఛాతీ ఆపరేషన్‌లో ఊరూపేరూ తెలియనివాళ్ళ రక్తంతో బతికినవాడు, 2018 వరకు 1,173 సార్లు ఇచ్చి 2025 ఫిబ్రవరిలో చనిపోయాడు. గొప్ప మనిషే, కాదనను. ఐర్లండులో ఇదే మందు ఇంకో కథ నడిపింది. 1976లో ఒక గర్భిణి ప్లాస్మాని, ఆమెకి కామెర్లు వచ్చాక కూడా, వాడేశారు. 1977-79 మధ్య ఆ మందు తీసుకున్న వెయ్యిమందికి పైగా స్త్రీలకి హెపటైటిస్ సి సోకింది. 1994 దాకా బయటికి రాలేదు. ఇప్పుడు మన దేశంలో ప్లాస్మాతో పనిలేకుండా కణాల కల్చరులో తయారయ్యే రకం కూడా దొరుకుతోంది, ముంబైలోని భారత్ సీరమ్స్ వాళ్ళ 'రోక్లోన్' అలాంటిదే.

ఇక మేనరికం సంగతి. ఇందులో మా ఇంటికి ఒక చిన్న ఊరట ఉంది, దాన్ని తవ్వడానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి. 1942లో జె.బి.ఎస్. హాల్డేన్ ఈ జబ్బు గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన ప్రశ్న డాక్టర్లది కాదు, లెక్కలవాడిది. ఈ జబ్బుతో పోయే ప్రతి బిడ్డకీ తండ్రినుంచి ఒక పాజిటివ్ జన్యువు, తల్లినుంచి ఒక నెగటివ్ జన్యువు ఉంటాయి. అంటే ప్రతి చావూ రెండు రకాలనీ ఒక్కొక్కటి చొప్పున తీసేస్తుంది. సమానంగా తీసేస్తే తక్కువున్నది ముందు అయిపోవాలి కదా, మరి యూరప్‌లో నెగటివ్ ఇంత ఎక్కువ ఎందుకుంది? వేర్వేరు జనాలు కలిసిపోయి ఎక్కువకాలం కాలేదేమో, ఆ అయిపోవడం ఇంకా నడుస్తోందేమో అన్నాడు. ఈ హాల్డేనే 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు. ఆయన దగ్గర చేరిన మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని లెక్కలు తీశాడు. మేనరికం మీద మనవాళ్ళ చర్చ ఎక్కువగా నమ్మకాలమీద నడిచిన కాలంలో ఇంటింటి లెక్క ఒకటుందని చూపించిన పని అది.

మేనరికంతో వచ్చే జబ్బులున్నాయి, అవి నిజం. అయితే ఈ ఒక్క జబ్బు దగ్గర లెక్క తిరగబడుతుంది. నెగటివ్ ఆడమనిషి ఎవరో పరాయి మనిషిని చేసుకుంటే, జనంలో నూటికి అయిదుగురు నెగటివ్ అయినచోట, ఆమెకి పుట్టే బిడ్డ పాజిటివ్ అయ్యే అవకాశం నూటికి 78. మేనబావని చేసుకుంటే 68. మేనమామని చేసుకుంటే 58. ఎందుకంటే చుట్టంలో కూడా అదే నెగటివ్ జన్యువు దాగి ఉండే అవకాశం ఎక్కువ. మా జేజినాయనలో అలా ఒకటి దాగి ఉంది. అయిదో కాన్పులో నాన్నకి అది వచ్చింది. నాన్న కూడా నెగటివ్, కాబట్టి జేజి ఒంట్లో ఎంత విరుగుడున్నా ఆయన్ని తాకలేదు. పెంటకుప్పకీ దీనికీ సంబంధం లేదు. ఊరు తప్పుపట్టిన మేనరికమే బహుశా ఈ ఒక్క బిడ్డని మిగిల్చింది. నాన్నకి చెప్తే నవ్వి, "అయితే పేరు మార్చుకోవాల్సింది బావమరదళ్ళు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనకీ అర్థమయ్యుండదు.

మా వైపు ఇప్పుడు ఇంకో నమ్మకం తిరుగుతోంది: మొగుడూ పెళ్ళాలది ఒకే బ్లడ్ గ్రూపు అయితే పిల్లలకి ప్రమాదం అని. బాగా చదువుకున్నవాళ్ళే సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు గ్రూపులు కూడా అడుగుతున్నారు. ఇది సరిగ్గా తలకిందులు. ఒకే గ్రూపు అయితే ఏ ఇబ్బందీ లేదు, తేడా ఉంటేనే చూసుకోవాలి, అదీ తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితేనే. ఆ తేడాకి కూడా సంబంధం వదులుకోనక్కర్లేదు, ఒక సూది చాలు. నెగటివ్ అని తెలిస్తే పెళ్ళి కాదేమోనని అమ్మాయి గ్రూపు దాచేవాళ్ళున్నారు. దాచినందువల్ల కాన్పులో ఇవ్వాల్సిన సూది తప్పిపోతే, పాత వరుస మళ్ళీ మొదలవుతుంది. గర్భిణుల కార్డు మీద గ్రూపు రాస్తున్నారు, నిజమే. తొలి గర్భం రెండో మూడో నెలలో పోయినా, తీయించుకున్నా అప్పుడూ సూది కావాల్సి రావచ్చు. అలాంటివి ఏ కార్డు మీదకీ ఎక్కవు. వేరే ఊళ్ళో, వేరే పేరుతో జరిగిపోతాయి. తరవాత 'తొలి' కాన్పని రాసుకున్నదే నిజానికి మలి సూలు. సూది ధర కొన్ని వేలు. ప్రపంచం మొత్తం మీద అవసరమైన ఆడవాళ్ళలో సుమారు సగం మందికి ఇది అందడంలేదని అంచనా.

ఇదంతా చదివాక నాకు మిగిలిన పని మా అత్తకి చెప్పడం. జేజి 2014లో పోయింది, ఆమెకి చెప్పలేకపోయాను. అత్తకి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, జమ్మలమడుగులో కొడుకు దగ్గర ఉంటుంది. ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. ఎందుకంటే రూత్ డారో చెప్పినదాన్ని, లెవిన్ చెప్పినదాన్ని తెలుగులో పెట్టి మా ఇంటికి అన్వయించి చూస్తే వచ్చే వాక్యం ఇది: తొలి బిడ్డ రక్తం వల్లే తరవాతి బిడ్డలు పోయారు. ఊరు అన్నదీ అదే. మూఢనమ్మకం తప్పని చూపించడానికి బయలుదేరి, దాని పక్కకే వచ్చి నిలబడ్డాను. తేడా ఉందని నాకు తెలుసు. కారణం వేరు, తప్పు వేరు. అయిదు చుక్కల రక్తానికి ఉద్దేశం ఉండదు. మాయ విడిపోవడం ఎవరి చేతిలోనిదీ కాదు. ఇంగ్లీషు వ్యాసాల్లో ఇది సులువు, అక్కడ వాక్యాలకి కర్త ఉండనక్కర్లేదు. డెబ్బై ఏళ్ళు మోసిన మనిషి ముందు కూర్చుని తెలుగులో చెప్పాలంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరిని కర్తని చేయాల్సి వస్తోంది.

పోయిన సంక్రాంతికి చెప్పాను. రక్తంలో ఒక గుర్తు ఉంటుందనీ, అది జేజికి లేదనీ, జేజినాయనకి ఉందనీ మొదలుపెట్టాను. అది నీకు వాళ్ళ నాయననుంచి వచ్చింది అనేశాక ఆగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, చేట దించలేదు.

"అంటే నా దాంట్లోనుంచే పోయిందంటావు అమ్మలోకి."

"కాన్పులో అందరికీ పోతుందత్తా. నువ్వు పుట్టినావు, అంతే. నీ బదులు వాళ్ళలో ఎవరు ముందు పుట్టినా ఇదే జరిగేది. అప్పుడు నువ్వు పోయేదానివి."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆ సూది అప్పుడు ఉంటే?"

"అప్పుడు యాడా లేదు. అమెరికాలో కూడా లేదు. నీకు ఇరవై ఏళ్ళొచ్చినాక వచ్చింది."

"యాడా లేదా?"

"యాడా లేదు."

చేట పక్కన పెట్టి లోపలున్న కోడలిని పిలిచింది. మనవరాలికి అయిదో నెల, పులివెందులలో ఉంటుంది. "ఆ పిల్ల కార్డులో ఏ రక్తమని రాసినారో ఫోన్ చేసి కనుక్కో మా. ఇప్పుడే."